మే నెలలోనే వేసవి ముగిసినట్లేనా? రోహిణి కార్తె వానకు పత్తి విత్తవచ్చా?

ప్రశ్న: నల్లరేగడి (నల్గొండ జిల్లా), 2025 జూన్ 4

సభ్యులందరికీ నమస్కారం. మాది వర్షాధారంగా పత్తి, బోరు కింద కొద్దిగా వరి పండించే కుటుంబం. బడి నుంచి పదవీ విరమణ చేసిన తరువాత నేను కూడా తమ్ముడితో పాటు సేద్యం చూసుకుంటున్నాను.

ఈ ఏటి వేసవి నాకు అంతుపట్టడం లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని చెప్పుకుంటాము కానీ, ఈసారి శివరాత్రి రాకముందే పగటిపూట తువ్వాలు నెత్తిన వేసుకోక తప్పలేదు. మార్చి, ఏప్రిల్ నెలలలో మధ్యాహ్నం చేలో నిలబడలేకపోయాము. తీరా ఎండలు ముదరవలసిన మే నెల వచ్చేసరికి సాయంత్రమైతే చాలు మబ్బు పట్టడం, ఈదురుగాలి, ఉరుములు, ఆపైన వాన. కృత్తిక కార్తె చాలావరకు ఇలాగే గడిచిపోయింది. రోళ్ళు పగులుతాయని పేరుపడ్డ రోహిణి కార్తె మే 25న ప్రవేశిస్తే, అంతకు ముందు రోజే నైరుతి రుతుపవనాలు కేరళకు వచ్చాయని, ఆ వెంటనే మన రాష్ట్రాలలోకి కూడా ప్రవేశించాయని వార్తలలో చెప్పారు. మా ఇంట్లో కూలర్ అప్పుడే అటక ఎక్కింది.

యాసంగి వడ్లు మాత్రం కల్లంలో ఉన్నాయి. రాశి మీద పట్టా కప్పాము, చుట్టూ కాలువ తీశాము. అయినా నీరు అడుగు నుంచి చేరింది. పట్టా ఎత్తి చూస్తే పై గింజ పసుపుపచ్చగా బాగానే ఉంది, చేయి లోపలికి పెడితే వెచ్చగా తగిలింది, అడుగు వరుసలో గింజ గింజకూ తెల్లని మొలక. తేమ 17 శాతానికి దిగితే తప్ప తూకం వేయరు కనుక, మే నెలలో ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చింది.

అసలు విషయానికి వస్తాను. ఊరిలో ఇప్పుడు రెండు వర్గాలు తయారయ్యాయి. రుతుపవనాలు వచ్చేశాయి, నేల పదునుగా ఉంది, ఇంకా దేనికి ఆగడం అని కొందరు అప్పుడే పత్తి గింజలు పెట్టేశారు. మృగశిర ప్రవేశించనీయండి, ఏరువాక పున్నమి రానీయండి అని పెద్దలు అంటున్నారు. మే నెలాఖరు నుంచి చినుకు లేదు. పైగా నిన్నటి నుంచి ఉక్కపోత మొదలైంది. వేసవి నిజంగా ముగిసిందా, లేక పక్కకు తప్పుకుని మళ్ళీ వస్తుందా? రుతుపవనాలు ముందుగా వచ్చిన ఏడు వానలు ఎక్కువ పడతాయన్న మాటలో నిజమెంత? అనుభవం ఉన్నవారు, ఈ శాస్త్రం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: తీరవాసి (విశాఖపట్నం)

మాస్టారికి నమస్కారం. నేను వాతావరణ శాస్త్రం చదువుకున్నవాడిని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేకపోయినా రోజూ పొద్దున్నే గాలుల పటాలు చూసే అలవాటు పోలేదు. మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, మిగిలిన వాటికి జవాబు అందులోనే ఉంది.

రుతుపవనాలు కేరళను తాకాయని భారత వాతావరణ శాఖ ప్రకటించడానికి కచ్చితమైన కొలతలు ఉన్నాయి. కేరళ, లక్షద్వీప్, మంగళూరు ప్రాంతాలలో ఎంపిక చేసిన 14 కేంద్రాలలో కనీసం 60 శాతం చోట్ల, మే 10 తరువాత, వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వాన పడాలి. పడమటి గాలులు తగినంత ఎత్తు వరకు, తగినంత వేగంతో వీస్తూ ఉండాలి. మబ్బు దట్టంగా ఉన్నట్లు ఉపగ్రహం కొలతలు కూడా చూపాలి. మే 24న ఇవన్నీ కుదిరాయి. మామూలు తేదీ జూన్ 1. 2009లో మే 23న వచ్చిన తరువాత ఇంత ముందుగా రావడం ఇదే మొదలు. వాతావరణ శాఖ కూడా మే 27న, నాలుగు రోజులు అటూ ఇటూగా వస్తాయని ముందే అంచనా వేసింది. అయితే ఆ ప్రకటన కేరళ తీరంలో జరిగినదాన్ని చెబుతుందే తప్ప, జూన్ రెండో వారంలో నల్గొండలో జరగబోయేదాన్ని చెప్పదు.

వచ్చిన తేదీకీ, నాలుగు నెలల మొత్తం వానకూ చుట్టరికం లేదు. నమోదైన వాటిలో అన్నిటికంటే ముందుగా రుతుపవనాలు వచ్చిన ఏడు 1918. ఆ ఏడు మే 11నే కేరళకు వచ్చాయి, ఆ ఏడే దేశం ఘోరమైన కరవు చూసింది. 2009లో మే 23న వచ్చి, జూన్‌లో మొండికేసి, సెప్టెంబరు ముగిసేసరికి దేశానికి సగటులో 78 శాతం వాన మాత్రమే ఇచ్చాయి. (ఆ వెంటనే అక్టోబరు మొదట్లో కర్నూలు నగరం తుంగభద్ర వరదలో మునిగింది, లెక్కలో కరవు, కళ్ళ ముందు వరద.) ఇక 1972లో జూన్ 18 దాకా రానేలేదు, ఆ ఏడూ కరవే. కాబట్టి తొందరగా వచ్చాయని పొంగిపోవడానికీ లేదు, ఆలస్యమయ్యాయని కుంగిపోవడానికీ లేదు.

ఈసారి అంత తొందర ఎందుకు వచ్చిందంటే, మే మూడో వారంలో కొంకణ తీరానికి దగ్గరగా అరేబియా సముద్రంలో అల్పపీడనం ఏర్పడి, వాయుగుండమై, మే 24న రత్నగిరి దగ్గర తీరం దాటింది. అది పడమటి గాలులను తన వైపు లాక్కుంది. దీనికి తోడు, భూమధ్యరేఖ వెంట పడమర నుంచి తూర్పుకు నెల, నెలన్నరకు ఒకసారి చుట్టివచ్చే మేఘాల మంద ఒకటి ఉంది. దాన్ని మాడెన్–జూలియన్ డోలనం అంటారు. అది కూడా సరిగ్గా అప్పుడే మన సముద్రాల మీదికి చేరింది. కాడికి కట్టిన ఈ రెండు ఎద్దులూ బండిని ఒక్క వారంలో ఆదిలాబాద్ దాకా లాక్కొచ్చి, తాము విడిపించుకుని పోయాయి. మే 29న ఆదిలాబాద్, భవానీపట్నం, పూరీ మీదుగా గీసిన రుతుపవనాల సరిహద్దు రేఖ ఇవాళ్టికీ అక్కడే ఉంది. పడమటి గాలుల బలం తగ్గింది, వాయవ్యం నుంచి పొడిగాలి దిగుతోంది. మీరు చెప్పిన ఉక్కపోతకు కారణం ఇదే.

మరి మే నెల ఎందుకు చల్లబడింది? సూర్యుడేమీ తగ్గలేదు. హైదరాబాద్ అక్షాంశం మీద మే 9, 10 తేదీల ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మనిషి నీడ కాళ్ళ కిందికి పోతుంది. పై నుంచి దిగే శక్తి ఏ ఏడైనా అంతే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. తడిసిన నేల మీద పడిన ఎండ మొదట ఆ నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది, మిగిలితేనే గాలిని వేడెక్కిస్తుంది. ఆ ఆవిరికి బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ తోడై, విదర్భ నుంచి తమిళనాడు దాకా ఏర్పడే ద్రోణి వెంట సాయంత్రానికి మళ్ళీ మబ్బుగా లేస్తుంది. ఒకసారి ఈ చక్రం మొదలైతే అది తనను తానే తిప్పుకుంటుంది. దేశం మొత్తం మీద ఈ మే నెల సగటు వాన 126.7 మిల్లీమీటర్లు, 1901 నుంచి ఉన్న లెక్కలలో ఇంత తడిసిన మే నెల లేదు. అదే దేశానికి ఈ ఏటి ఫిబ్రవరి, 1901 తరువాత అత్యంత వేడి ఫిబ్రవరి. కనుక వేసవి కుదించుకుపోలేదు, ముందుకు జరిగి మధ్యలో తెగింది. తెగిన ముక్క ఇంకొకటి జూన్‌లో మిగిలి ఉందని నా అభిప్రాయం.

సమాధానం: రసాలతోట (నూజివీడు)

మాస్టారూ, మీరు వడ్ల సంగతి చెప్పారు, నేను మామిడి సంగతి చెబుతాను. మామిడికి వేసవి కాలం మొత్తం కావాలి. ఎండ బాగా తగిలితేనే బంగినపల్లికి తీపి, రసాలకు పీచు వదిలే గుణం వస్తాయి. ఈ ఏడు సరిగ్గా కాయ పక్వానికి వచ్చే వేళకు వానలు పట్టుకున్నాయి. ఈదురుగాలికి రాలినది రాలిపోగా, చెట్టు మీద మిగిలిన కాయ తొడిమ దగ్గర నీటి చుక్క నిలిచి నల్లమచ్చ మొదలైంది. అంతకంటే పెద్ద శత్రువు పండు ఈగ. తడి, వెచ్చదనం రెండూ ఉన్న రోజులలో దాని సంతతికి అడ్డు ఉండదు. కాయ పై తోలు మీద సూది గుచ్చినంత చుక్క తప్ప ఏమీ కనిపించదు, నిగనిగలాడుతుంది, కోసి చూస్తే టెంక చుట్టూ తెల్లని పురుగులు. ఎరబుట్టలు కట్టినవారికి, కాయకు కాగితపు సంచి తొడిగినవారికి కొంత దక్కింది. మేము కొన్ని చెట్లకే సంచులు తొడగగలిగాము, ఆ కాయే ధర పలికింది.

వేసవి త్వరగా పోవడం వలన ఇంకొక నష్టం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మబ్బు పట్టి చల్లబడితే పట్టణాలలో పండు కొనేవారూ తగ్గుతారు, శీతల పానీయాలు తాగేవారూ తగ్గుతారు. చిత్తూరు వైపు మా బంధువులవి తోతాపురి తోటలు. ఆ కాయ తినడానికి కాదు, గుజ్జు పరిశ్రమకు పోతుంది. పోయిన ఏటి గుజ్జే గిడ్డంగులలో ఉందని ఫ్యాక్టరీలవారు అంటున్నారట. కోత ఇంకా పూర్తిగా మొదలుకాకముందే వారికి నిద్ర పట్టడం లేదు.

సమాధానం: పంచాంగప్రియ (తెనాలి)

కార్తెలు తప్పాయని, పెద్దల లెక్క పోయిందని ఈ మధ్య చాలామంది అంటున్నారు కనుక ఒక్క మాట. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెప్పే చిరునామా. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కొక్కదానిలో సూర్యుడు పదమూడు, పధ్నాలుగు రోజులు ఉంటాడు. మే 25న రోహిణి, జూన్ 8న మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. మబ్బు ఎప్పుడు వస్తుందో చెప్తానని ఆ లెక్క ఎన్నడూ మాట ఇవ్వలేదు. సామెతలు ఒకసారి వరుసగా తలచుకోండి: అశ్వని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు. ఏప్రిల్ నడుమ నుంచి వచ్చే అశ్వనిలోనూ వాన చూశారు, ఏప్రిల్ నెలాఖరున వచ్చే భరణిలోనూ చూశారు, దాని లాభనష్టాలు బేరీజు వేసి పెట్టారు. అకాల వర్షం వారికి కొత్త కాదు.

ఇంకొకటి కూడా ఉంది. మన కార్తెలు స్థిర నక్షత్రాలను బట్టి లెక్కించేవి, రుతువులు అయనాన్ని, అంటే సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరగడాన్ని బట్టి నడిచేవి. ఈ రెండింటి మధ్య సుమారు డెబ్బై రెండేళ్ళకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతుంది. అయిదువందల ఏళ్ళ కిందట రోహిణి ప్రవేశం, రుతువులతో పోల్చి చూస్తే, ఇప్పటి కంటే ఒక వారం ముందే జరిగేది. సామెత పుట్టిన నాటి రోహిణి ఎండ, ఇప్పటి రోహిణి ఎండ ఒకే చోట ఉండవలసిన పని లేదు. మా పంచాంగ కర్తలలో ఈ మాట ఒప్పుకోనివారు ఉన్నారు, వారితో నాకు పాత తగవే.

విత్తే విషయంలో మాత్రం మీ ఊరి పెద్దల పక్షమే నాది.

సమాధానం: జాడీ (రాజమహేంద్రవరం)

ఇంటి పనికి సంబంధించి చిన్న మాట. మా వీధిలో ఈ ఏడు ఆవకాయ సగం ఇళ్ళలో ఆలస్యమైంది. కారం, ఆవపిండి, ఉప్పు ఎండలో పెట్టే వీలు లేదు. ముక్కలను పొడి గుడ్డతో ఎన్నిసార్లు తుడిచినా జీడి తీసిన చోట తేమ తగులుతూనే ఉంది. ఆ తేమతో కలిపితే మూడో రోజు తిరగకలిపేటప్పటికే బూజు వాసన వస్తుంది. మే నెల మధ్యలో దొరికిన ఎండ రోజులను పట్టుకుని కలిపినవారి జాడీలు నిక్షేపంగా ఉన్నాయి. వడియాలు, అప్పడాలు మాత్రం ఈ ఏటికి లేనట్లే. ఇప్పుడు జూన్‌లో ఎండ వస్తుందని తీరవాసి గారు అంటున్నారు. వచ్చినా పుల్లని, బిగువైన పచ్చికాయ అప్పటికి ఉండదు కదా.

సమాధానం: మండలవ్యవసాయం (ఖమ్మం)

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవాడిని. నల్లరేగడి గారి ప్రశ్నకు సూటిగా జవాబు: ఇప్పుడు విత్తవద్దు. కారణాలు చెబుతాను.

పత్తికి ఏ ఏడాదైనా మేము చెప్పే లెక్క తేదీది కాదు, తడిది. తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల జానెడు లోతు దాకా తడిసిన తరువాతే గింజ పెట్టాలి. మే నెలలో మీ మండలంలో అంతకంటే ఎక్కువే పడి ఉండవచ్చు, దాన్ని ఇప్పటి లెక్కలో కలపకూడదు. ఆ వానల మధ్య కాసిన ఎండకు పై పొర ఎప్పుడో ఆరింది. చేలోకి వెళ్ళి గడ్డపారతో ఒక మూర గుంట తీయండి. కింద తడిగా, చల్లగా ఉంటుంది, పైన నాలుగు వేళ్ళ మందం పొడిగా ఉంటుంది. గింజ పడేది ఆ నాలుగు వేళ్ళలోనే. మొలకెత్తడానికి చాలినంత పదును ఉండి, ఆ తరువాత పది రోజులు నిలబడటానికి చాలకపోతే అంతకంటే నష్టం లేదు. అసలు మొలవని గింజ అయినా కొంత మిగిలి తరువాతి వానకు మొలుస్తుంది, మొలిచి మాడినది తిరిగి రాదు. బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ ధర ఈ ఏడు 901 రూపాయలు. ఎకరానికి రెండేసి ప్యాకెట్లు చొప్పున రెండుసార్లు కొనవలసి వస్తే ఏమవుతుందో మాస్టారికి నేను లెక్క చెప్పనక్కరలేదు.

అలాగని ఈ మే వాన వృథా పోయిందని అనుకోవద్దు. లోతు దుక్కి చేయడానికి ఇంత మంచి అవకాశం మామూలు వేసవిలో దొరకదు. నాగలి దిగని నల్లరేగడి మెత్తబడింది. దున్నితే నేలలో దాగిన పురుగుల కోశాలు పైకి వచ్చి ఎండకు, కొంగలకు బలవుతాయి, తుంగ, గరిక తగ్గుతాయి. వరి మడులలో జీలుగ గానీ జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లుకుంటే, అవి ఈ తడితోనే లేచి, నాట్ల నాటికి కలియదున్నడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ గింజకు పెట్టే పెట్టుబడి తక్కువ, ఎండినా పెద్దగా బాధ లేదు. తొలి వానతో జూదం ఆడాలని ఉంటే దానితో ఆడండి.

ఇప్పటికే పత్తి పెట్టినవారు ఉంటే, మొలక వచ్చిన తరువాత వరుసల మధ్య తేలికగా గుంటక తోలండి. పై మట్టి పొడి అయి, కింది తడి ఎగిరిపోకుండా కొంత ఆపుతుంది.

సమాధానం: గచ్చిబౌలి కుర్రాడు (హైదరాబాద్)

పెద్దలు తప్పుగా అనుకోకండి. మా నాన్నగారు ఊళ్ళో రైతే కనుక వడ్లు తడిసిన బాధ నాకు తెలుసు. కానీ నగరంలో ఉన్నవారికి ఇది దేవుడిచ్చిన వేసవి. మే నెలలో రాత్రి కిటికీ తెరిచి, ఏసీ లేకుండా పడుకున్నాము. 2024 వేసవిలో బిందెల ముందు, ట్యాంకర్ల ముందు నిలబడిన వీధులలో ఈ ఏడు ఆ సందడి తక్కువ. వేసవి త్వరగా పోతే ఆరోగ్యపరంగా మంచిదే కదా? వడదెబ్బలు తగ్గి ఉంటాయి కదా?

సమాధానం: తీరవాసి (విశాఖపట్నం)

తమ్ముడూ, మే నెల వరకు మీ మాట నిజమే. వడగాలి అని ప్రకటించాలంటే మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరగాలి. మా తీరంలో అయితే 37 డిగ్రీలు చాలు. ఈ మే నెలలో అలాంటి రోజులు చాలా తక్కువ. కానీ శరీరం అలవాటు పడటం అనేది ఒకటి ఉంటుంది. చల్లగా గడిచిన వేసవి చివర ఒక్కసారిగా ఎండ విరుచుకుపడితే అది ఎక్కువ మందిని తీసుకుపోతుంది. 2015ను గుర్తు తెచ్చుకోండి. ఆ మార్చిలో దేశంలో చాలా చోట్ల అకాల వర్షాలు కురిశాయి. మే నెల చివరి పది, పన్నెండు రోజులలో వచ్చిన వడగాలికి మన రెండు రాష్ట్రాలలో కలిపి వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది ఆరుబయట పనిచేసే కూలీలు, వృద్ధులు.

రెండవది తేమ. విజయవాడలో 36 డిగ్రీలు ఉందని చూసి, 44 నుంచి తగ్గింది కదా అని సంతోషిస్తాము. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. రాత్రి కూడా ఊపిరాడదు. రుతుపవనాలు వచ్చాయని చెప్పిన తరువాత, వాన పడని రోజులలో కోస్తాలో జరిగేది ఇదే. 2023లో బిపర్‌జోయ్ తుపాను అరేబియా సముద్రంలో తిరుగుతుండగా, కేరళకే జూన్ 8న వచ్చిన రుతుపవనాలు మా దాకా రావడానికి ఇంకెన్నో రోజులు తీసుకున్నాయి, బడులు తెరిచిన తరువాత కూడా ఒంటిపూట నడపవలసి వచ్చింది. ఈ జూన్‌లోనూ మధ్యాహ్నం పూట బయట పని ఉన్నవారు మజ్జిగ, ఉప్పు, నీడ మరవకండి. గాలి వేడెక్కినకొద్దీ డిగ్రీకి సుమారు ఏడు శాతం చొప్పున ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కనుక, రానున్న వేసవులలో ఈ రెండూ, అంటే హఠాత్తుగా కురిసే కుండపోత, దాని వెనకే ఉక్కపోత, జంటగా రావడానికే అవకాశం ఎక్కువ.

సమాధానం: నల్లరేగడి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మండలవ్యవసాయం గారు చెప్పినట్లే గుంట తీసి చూశాము. సరిగ్గా నాలుగు వేళ్ళ మందం పొడి మట్టి. తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. పక్క చేను వారు విత్తారు, మనం వెనకబడతామని వాడి బాధ. చివరికి ఎర్ర చెలకలో జనుము చల్లి, నల్లరేగడిలో దుక్కి మాత్రం చేసి ఊరుకున్నాము.

సమాధానం: రసాలతోట (నూజివీడు), 2025 జూలై

తోతాపురి సంగతి నేను భయపడినట్లే అయింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుసలు వార్తలలో చూసే ఉంటారు. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. మా బంధువులకు కొంత కాయ ఆ ధరకు పోయింది, కొంత తోటలోనే పండి రాలింది. రుతుపవనాలు జూన్ 29కే దేశమంతా వ్యాపించాయట, మామూలుగా జూలై 8 కావాలి. జూన్ మొదటి సగమంతా ఆగిపోయి, ఆ తరువాత ఆ తొందర ఏమిటో తీరవాసి గారే చెప్పాలి.

సమాధానం: నల్లరేగడి, 2025 నవంబరు

ఈ చర్చ చదివి ఇప్పటికీ కొందరు సందేశాలు పంపుతున్నారు కనుక ఏం జరిగిందో రాస్తున్నాను.

జూన్ మొదటి పక్షంలో ఎండ మళ్ళీ వచ్చింది. మే నెలాఖరున పత్తి పెట్టినవారిలో నీటి వసతి ఉన్నవారు తడులు పెట్టి నిలుపుకున్నారు, లేనివారు మళ్ళీ గింజలు కొన్నారు, మరికొందరు పోగుంటలు (మొలక పోయిన ఖాళీలు) మాత్రం మళ్ళీ గింజ పెట్టి నింపుకున్నారు. మేము జూన్ నెలాఖరులో వాన చాలినంత పడిన తరువాత విత్తాము. మొలక బాగా వచ్చింది. జూలైలో కొన్నాళ్ళు మొహం చాటేసిన వాన ఆగస్టులో కసి తీర్చుకుంది. ఆ నెల 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో చెరువులు తెగాయి, రోడ్లు, రైలు పట్టాలు కోసుకుపోయాయి. దేశం మొత్తానికి సీజన్ ముగిసేసరికి సగటులో 108 శాతం వాన అని లెక్క తేలింది. ముందు వచ్చిన 2009లో 78, ముందు వచ్చిన ఈ ఏడు 108; తీరవాసి గారు చెప్పిన చుట్టరికం లేని మాట నాకు అప్పుడు బాగా అర్థమైంది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కోనసీమ, పశ్చిమ గోదావరి వైపు తీరం దాటి, మరునాడు మా వైపు కూడా కుమ్మేసింది. విచ్చిన పత్తి చెట్టు మీదే తడిసింది. పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉన్నా, తేమ 12 శాతం దాటితే ఆ ధరకు తీసుకోరు కనుక తొలి ఏరుడు పత్తిలో కొంత తక్కువకు అమ్ముకోక తప్పలేదు. రెండో ఏరుడు బాగుంది.

ఇక యాసంగి. మే నెల వానలను ఇప్పుడు నేను మినహాయింపుగా లెక్కవేయడం లేదు. మామూలుగా డిసెంబరులో పోసే వరి నారును ఈసారి ఈ నెలలోనే, తక్కువ కాలపు రకంతో పోస్తున్నాము. ఏప్రిల్ మొదటి వారానికి కోత పూర్తయి, గాలివానలు మొదలయ్యే లోపల వడ్లు తూకానికి పోవాలన్నది మా లెక్క. నారుకు చలి తగిలితే ఎర్రబడుతుందని, ఎదగదని తమ్ముడు హెచ్చరిస్తున్నాడు. మండలవ్యవసాయం గారు, రాత్రిపూట నారుమడి మీద పట్టా కప్పి, ఉదయం పాత నీరు తీసి కొత్త నీరు పెడితే సరిపోతుందా, లేక ఇంకేమైనా చేయాలా?